గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్డు



కార్ల కంపెనీలు తమ బండ్లను ఎండలో పడేసి పరీక్షించడానికి ఏరికోరి ఎంచుకున్న నేల మా అరిజోనా. 1953లో జనరల్ మోటార్స్ మా చాండ్లర్ పక్క ఊరు మేసాలో 5,000 ఎకరాల ఎడారి తీసుకుని, ట్రాకులు వేసి, 2009 దాకా అక్కడ బండ్లను కాల్చుకుతింది. ఇంకాస్త దక్షిణాన స్టాన్‌ఫీల్డ్ దగ్గర నిస్సాన్‌కూ అలాంటి మైదానమే ఉంది. వాళ్ళు ఇక్కడికే ఎందుకొచ్చారో ఒక్క వేసవి ఉంటే తెలుస్తుంది. 2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా, వరసగా 31 రోజులు, మధ్యాహ్నపు ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గలేదు. మన లెక్కలో 43 పైమాటే. రెంటచింతలలోనో రామగుండంలోనో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఇక్కడికొచ్చి నోరు వెళ్ళబెడతారు.

అలాంటి చాండ్లర్‌లో పాతికేళ్ళు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి పెట్టుకుని, దాన్ని తారు రోడ్డు దించి కొండల్లో, వాగుల్లో తిప్పడం గురించి ఇవాళ మాట్లాడతాను. నా దగ్గరున్నది 1998 నాటి జీప్ చెరోకీ. నాలుగు లీటర్ల ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు, చేత్తో వేసే అయిదు గేర్లు. ఇంటెల్ ఫ్యాక్టరీ చుట్టుపక్కల మనవాళ్ళు కొత్త విద్యుత్ కార్లు ఛార్జింగ్‌కు పెట్టుకునే వీధిలో ఇది కాస్త వింతగానే ఉంటుంది. కింద అట్టముక్క పరిచి నిలబెడతాను. ఆయిల్ చుక్క పడితే కాలనీ సంఘం వాళ్ళ ఉత్తరం వస్తుంది మరి!

ఈ ఎండలో పాత బండి మన్నుతుందా అని అడుగుతారు. మా ఎండ బండిలో చాలావాటిని తింటుంది కానీ ఇనుము జోలికి పోదు. మిషిగన్, ఒహాయో వైపు చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు అడుగున చేరి, కొన్నేళ్ళకే రేకులు గుల్లబారతాయి. బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి తెగుతాయి. ఇక్కడ ఆ బాధ లేదు. చాండ్లర్‌లో 1990ల నాటి జీపు కిందకి దూరి బోల్టుకి పానా పెట్టండి, తిరుగుతుంది. అసలు సంగతి అదే. బోల్టు తిరిగే బండిని ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చు, ఎంత పాతదైనా సరే. తిరగని బండి ఎంత కొత్తగా మెరిసినా షెడ్డు పాలే. అందుకే ఉత్తరాది రాష్ట్రాల నుంచి కూడా అరిజోనా బండ్ల కోసం వెతుక్కుంటూ వస్తారు.

ఎండ తినేది రబ్బరును, ప్లాస్టిక్కును, బ్యాటరీని. డ్యాష్‌బోర్డు బీటలు వారుతుంది. బ్యాటరీ రెండు మూడేళ్ళకు మించి బతికితే అదృష్టం. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది టైరు. మనవాళ్ళు టైరు గాడి లోతు చూసి, "ఇంకా బోలెడు ఉంది" అనుకుంటారు. గాడి కాదు, తేదీ చూడాలి. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక వరస ఉంటుంది. దాని చివర నాలుగంకెలు. 2316 అని ఉంటే ఆ టైరు 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. శనాదివారాలు మాత్రమే బయటికి తీసే జీపుకు గాడి అరగదు, రబ్బరు ఎండిపోతుంది. పక్క భాగంలో వెంట్రుక మందాన పగుళ్ళు కనిపిస్తే ఆ టైరుతో రాళ్ళ మీదకి పోకూడదు. స్టెప్నీ సంగతైతే ఎవరూ చూడరు. బండి కొన్న నాటి స్టెప్నీనే వెనక మోసుకుంటూ ధైర్యంగా తిరుగుతుంటారు.

జీపు అంటే మన ఊళ్ళలో ఒక హోదా. సమితి ఆఫీసు జీపు వచ్చిందంటే బీడీఓ గారు వచ్చినట్టు. ముందు సీట్లో ఆయన, వెనక ఫైళ్ళతో బంట్రోతు, దుమ్ములో పిల్లలు. ఆ జీపు అమెరికాలో పుట్టిందే. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941లో విల్లీస్ కంపెనీ సైన్యానికి చేసిచ్చిన బండి దాని మూలం. 1947లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. మన కళ్ళలో నిలిచిపోయిన ఆ ఎత్తు బానెట్టు ఆకారం సీజే-3బీ మోడల్‌ది. అమెరికాలో దాన్ని 1968లో ఆపేశారు. మన దగ్గర ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆ ముఖమే పోలీసు స్టేషన్ల ముందు, తాసీల్దారు ఆఫీసుల ముందు కనిపించింది. తరవాత కమాండర్ వచ్చింది. పాడేరు, అరకు దారుల్లో లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు. జనాన్ని కొండెక్కించిన బండి అదే.

ఆ బండి తిరిగి పుట్టింటికి కూడా వచ్చింది. 2018లో మహీంద్రా కంపెనీ మిషిగన్‌లోని ఆబర్న్ హిల్స్‌లో రాక్సర్ అనే డీజిల్ బండి తయారుచేయడం మొదలుపెట్టింది. పేరు కొత్తదే కానీ మనిషి పాతే. రోడ్డు మీద నడపడానికి కాదు, పొలాల్లోనూ అడవుల్లోనూ తిప్పుకోవడానికని అమ్మారు. జీప్ హక్కులున్న కంపెనీ తమ ఆకారం కాపీ కొట్టారని కేసు వేసింది. 2020లో రాక్సర్ ముఖం మార్చుకోవాల్సి వచ్చింది. లైసెన్సు ఇచ్చి నేర్పింది వాళ్ళే, పోలిక ఉందని గొడవపడిందీ ఆ ఇంటి వారసులే.

ఈ సందర్భంలో ఒక కొంటె మాట. 25 ఏళ్ళు నిండిన విదేశీ బండిని ఇక్కడి భద్రతా ప్రమాణాల పరీక్ష లేకుండా దిగుమతి చేసుకోవచ్చని అమెరికా చట్టం చెబుతుంది. అంటే పాత కమాండర్‌ను ఓడెక్కించి చాండ్లర్ తెచ్చుకోవచ్చన్నమాట. ఖర్చు చూస్తే ఇంట్లో ఒప్పుకోరు, అది వేరే సంగతి. మన దగ్గర పదిహేనేళ్ళు నిండగానే ఫిట్‌నెస్ అనీ, రిజిస్ట్రేషన్ రెన్యువల్ అనీ తిప్పుతారు. అరిజోనా పాతికేళ్ళు నిండిన బండికి కోరితే చారిత్రక వాహనం అని ప్రత్యేకంగా నంబరు ప్లేటు ఇస్తుంది. మా వైపు పొగ పరీక్ష మాత్రం సాధారణంగా తప్పదు. 1967 మోడల్ నుంచి చాలావాటికి ఉంది. 1996, ఆ తర్వాతి బండ్లకు కంప్యూటర్ తీగ పెట్టి చూస్తారు. అంతకు ముందువాటికి పొగ గొట్టం వెనకే చూస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా మావయ్య నీటిపారుదల శాఖలో జీపు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సాగర్ ఎడమ కాలువ కట్టల మీద, వానాకాలం నల్లరేగడిలో, ఇంజనీర్లను తిప్పిన మనిషి. చలికాలంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన చెరోకీ ఎక్కి, సీట్ల సంగతి గానీ ఏసీ సంగతి గానీ అడగలేదు. గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డు పట్టుకుని ఊపి చూశారు.

"ఏరా అల్లుడూ, ఇది పనిచేస్తుందా, అలంకారానికుందా?"

"పనిచేస్తుంది మావయ్యా."

"అయితే మనకి భయం లేదు" అన్నారు.

ఫ్లోరెన్స్ ఊరికి ఉత్తరాన బాక్స్ కాన్యన్ అని ఒక వాగు దారి ఉంది. చాండ్లర్ నుంచి తూర్పుగా పోయి, ఫ్లోరెన్స్ జంక్షన్ దాటి, దక్షిణంగా తిరిగి మట్టి రోడ్డెక్కాలి. రెండు పక్కలా నిలువు రాతి గోడలు, కింద ఇసుక, మధ్య మధ్య మెట్లలా లేచిన బండ. ఆ మెట్టు ముందు నేను బండి ఆపి, యాక్సిలేటర్ తొక్కి ఒక్క ఊపులో ఎక్కిద్దామని చూస్తున్నాను. మావయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు. చిన్న రాడ్డు వెయ్యి. మొదటి గేరు. కాలు తీసెయ్."

"యాక్సిలేటర్ మీద నుంచా?"

"అన్నిటి మీద నుంచీ. నువ్వు ఎక్కించకు. దాన్నే ఎక్కనియ్."

క్లచ్ వదిలేశాను. ఇంజన్ తన మానాన తాను తిరుగుతోంది. ముందు టైరు రాయిని తాకి, ఒక్క క్షణం ఆగినట్టయి, అంచు మీద కొంచెం నొక్కుకుని, పైకి పాకింది. అదురు లేదు, ఊపు లేదు. వెనక చక్రం కూడా అంతే.

అందులో లెక్క ఉంది, కాగితం మీద వేసుకోవచ్చు. నా బండిలో మొదటి గేరు నిష్పత్తి 3.83. యాక్సిల్ నిష్పత్తి 3.07. మామూలు రోడ్డు మీద ఈ రెండూ హెచ్చిస్తే సుమారు 12. అంటే ఇంజన్ 12 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. చిన్న రాడ్డును 'లో' గేరులోకి లాగితే మధ్యలో ఇంకో 2.72 వచ్చి చేరుతుంది. మొత్తం 32. కాలు తీసేసినప్పుడు ఇంజన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతుందనుకుంటే చక్రం తిరిగేది 23 చుట్లే. గంటకు రెండు మైళ్ళు. ఎడ్లబండి నడక. బలం అంతకంత పెరిగింది, వేగం అంతకంత తగ్గింది. దిగేటప్పుడు కూడా ఇదే గేరు మనల్ని పట్టుకుంటుంది. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని గులకరాళ్ళ మీద జారుతుంది. లో గేరులో వదిలేస్తే ఇంజనే బండిని ఆపుకుంటూ దించుతుంది.

నా మాట ఒక్కటే. పాత ఫోర్ వీల్ బండికి ఉన్న గొప్పదనమంతా దాని నెమ్మదిలో ఉంది. కొత్త బండ్లు అదే పనిని కంప్యూటర్‌తో చేస్తాయి, బాగానే చేస్తాయి. పాత బండిలో ఆ పని చేసేది ఇనప గేర్లు, వాటిని ఎప్పుడు వాడాలో ఎరిగిన మనిషి. ఆ మనిషికి ఓపిక లేకపోతే గేర్లు ఉండీ ఏం లాభం! మనవాళ్ళలో కొందరు పాత జీపు కొనగానే మొదట చేసే పని ఆరంగుళాలు ఎత్తు లేపి, పెద్ద టైర్లు తొడిగి, నెత్తిన లైట్ల వరస పెట్టించడం. దానివల్ల బరువు పైకి పోతుంది, వాలులో పక్కకి దొర్లే ప్రమాదం పెరుగుతుంది. ఇరుసుకు వెళ్ళే షాఫ్టు కోణం మారి కీళ్ళు అరుగుతాయి. పెద్ద టైరు వల్ల ఇందాక చెప్పిన గేరు లెక్క కూడా పాడవుతుంది. ఆ డబ్బుతో మంచి టైర్లు, రేడియేటరు కొనుక్కోవడం మేలు. ఫొటోలో కనపడవనే కాబోలు, వాటి మీద ఎవరూ ఖర్చు పెట్టరు.

ఫోర్ వీల్ అనగానే నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయని అనుకోవద్దు. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే, లేదా జారితే, సులువుగా తిరిగే ఆ చక్రానికే తిప్పుడు పోతుంది. పట్టున్న చక్రం ఊరుకుంటుంది. ముందు ఒకటి, వెనక ఎదురు మూల ఒకటి లేచాయంటే ఫోర్ వీల్ బండి కూడా రెండు చక్రాలను గిర్రున తిప్పుతూ అక్కడే నిలబడుతుంది. అందుకే దారి ఎంచుకోవడం ముఖ్యం. రాయిని రెండు చక్రాల మధ్యకి రానివ్వకూడదు, టైరును దాని మీదకే నడిపించాలి. డిఫరెన్షియల్ గుండు అడుగున వేలాడుతూ ఉంటుంది, రాయి తగిలేది ముందు దానికే. అనుమానమొస్తే దిగి, నడిచి, చూసి, మళ్ళీ ఎక్కండి. బండిలో కూచుని బానెట్టు మీదుగా చూస్తే కనపడేది ఆకాశమే.

ఇంకో సంగతి. నా బండి వంటివాటిలో ఫోర్ వీల్ వేసి పొడి తారు రోడ్డు మీద నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోవాలి. ముందు వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగిసి ఉంటాయి కాబట్టి ఆ తేడా సర్దుకునే చోటు దొరకదు. ఇసుకలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, గేర్లు నలుగుతాయి.

రాయి తర్వాత గాలి. తారు రోడ్డు మీద 35 పౌండ్ల గాలి పెట్టిన టైరు ఇసుకలో దిగబడుతుంది, రాళ్ళ మీద ఎగురుతుంది. మట్టి రోడ్డెక్కగానే ఆగి నాలుగు టైర్లలోనూ 18, 20 దాకా దించేయాలి. టైరు మెత్తబడి, నేల మీద పరుచుకుని, రాయి అంచును కౌగిలిస్తుంది. బండిలో కూచున్నవాళ్ళ నడుములు కూడా బతికిపోతాయి. ఇంటికి తిరిగి వెళ్ళేముందు, హైవే ఎక్కకముందే, గాలి మళ్ళీ నింపాలి. మెత్తటి టైరుతో 70 మైళ్ళ వేగంలో పోతే వేడెక్కి పగులుతుంది. అందుకని చిన్న కంప్రెసర్ ఒకటి బండిలో ఉండాలి. వేలకు వేలు పోసి కొన్న సామాను కంటే ఈ గాలి మార్చుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. ఖర్చు పావుగంట.

ఎక్కడ తిరగాలి అన్నది మనవాళ్ళు పొరబడే చోటు. చాండ్లర్ దక్షిణ సరిహద్దు దాటితే ఖాళీ నేల కనిపిస్తుంది. కంచె కూడా అంతగా ఉండదు. కానీ అది పోరంబోకు కాదు. 1859లో ఏర్పడిన గిలా రివర్ ఇండియన్ కమ్యూనిటీ భూమి, అకిమెల్ ఓదమ్, పీ పోష్ జాతులది. అక్కడ జీపు దించడం ఒకరి ఇంట్లోకి చొరబడటమే. మారికోపాలో ఉన్న మహాగణపతి గుడికి ఆ భూమి మధ్యలోంచే పోతాం. రోడ్డు మీద పోనిస్తున్నారు కదా అని పక్కకి దిగకూడదు. మిగతా చోట్ల కూడా ఎవరో ఒకరి పెత్తనం ఉంది. రాష్ట్రానికి 92 లక్షల ఎకరాల ట్రస్టు భూమి ఉంది. దాని రాబడి ముఖ్యంగా పాఠశాలలకు పోతుంది. అందులో తిరగడానికి పర్మిట్ కొనాలి. మేసాకు ఈశాన్యంగా టోంటో జాతీయ అడవిలో బుల్‌డాగ్ కాన్యన్ ఉంది, గేట్లకు అంకెల తాళాలు. పర్మిట్ తీసుకున్నవాళ్ళకు ఆ అంకెలు ఇస్తారు. ఎక్కడైనా సరే, ఉన్న దారి వదలకూడదు. ఎడారి నేల మీద టైరు గాడి పడితే ఏళ్ళ తరబడి మాసిపోదు. సాగ్వారో బ్రహ్మజెముడైతే మనిషెత్తు పెరగడానికే దశాబ్దాలు పడుతుంది. దానికి చట్టం రక్షణ కూడా ఉంది.

మావయ్యకు నేను చూపించాలనుకున్నది అపాచీ ట్రెయిల్. 88వ నంబరు రాష్ట్ర రహదారి. రూజ్‌వెల్ట్ డ్యామ్ కట్టడానికి మేసా నుంచి సామాను చేరవేయడం కోసం 1900ల మొదట్లో కొండ చెక్కి వేసిన దారి అది. పనిచేసినవాళ్ళలో అపాచీ కూలీలు చాలామంది. 2019 జూన్‌లో వుడ్‌బరీ కార్చిచ్చు సూపర్‌స్టిషన్ కొండల్లో లక్షా 23 వేల ఎకరాలు కాల్చింది. చెట్టూ చేమా పోయిన వాలు మీద ఆ సెప్టెంబరులో కుండపోత కురిసింది, దారి కొట్టుకుపోయింది. ఫిష్ క్రీక్ కొండ దగ్గర అయిదేళ్ళు మూసేశారు. 2024లో తెరిచి, ఎత్తుగా ఉన్న ఫోర్ వీల్ బండ్లకే తగినదని బోర్డు పెట్టారు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా బండి వస్తే ఒకరు వెనక్కి పోవాలి. మావయ్య ఆ మలుపుల్లో ఒక్క మాట మాట్లాడలేదు. డ్రైవరు పక్కన డ్రైవరు కూచుంటే అంతే.

డ్యామ్ దగ్గర దిగి ఆయన అటూ ఇటూ చూసి, "రాతి కట్టడం అన్నావు, రాయేదిరా?" అన్నారు. ఆయన అడిగింది నిజమే. 1911లో పూర్తయినప్పుడు అది 280 అడుగుల రాతి ఆనకట్ట. అప్పట్లో ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి. తర్వాత ఎత్తు పెంచి, 1996కల్లా 357 అడుగులు చేసి, పాత రాతి మీద కాంక్రీటు పోసేశారు. నాగార్జునసాగర్ రాళ్ళు చూస్తూ నౌకరీ చేసిన మనిషి ఊరుకుంటాడా! "మాది రాయి రాయిగానే ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

కుండపోత అన్నాను కదా, వాగుల సంగతి చెప్పాలి. మన దగ్గర ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది, వాగు దాటబోయి కారు కొట్టుకుపోయిందని. ఇక్కడ ఇంకో చిక్కు. మన వాగులో నీళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తాయి. ఇక్కడి వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే, దాన్నే దారిగా వాడతాం. ఇందాక చెప్పిన బాక్స్ కాన్యన్ అలాంటిదే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడి వానాకాలం. మన నెత్తిన ఎండ కాస్తుంటుంది, ఎక్కడో కొండల్లో కురిసిన వాన ఆ గోడల మధ్య ఒక్కసారిగా దిగుతుంది. పారిపోవడానికి పక్కదారి ఉండదు. తూర్పున మబ్బు కనపడితే ఆ వాగులోకి దిగకూడదు, అంతే. దారికి అడ్డం పెట్టి మూసిన వాగును దాటబోయి చిక్కుకున్నవాళ్ళ దగ్గర కాపాడిన ఖర్చు 2,000 డాలర్ల దాకా వసూలు చేయడానికి 1995 నుంచి అరిజోనాలో చట్టం ఉంది. జనం దాన్ని బుద్ధిలేని డ్రైవర్ల చట్టం అనే పిలుచుకుంటారు. ఫోర్ వీల్ ఉన్నవాళ్ళే ఎక్కువ మొండికేస్తారని నాకో అనుమానం.

ఎండ తగ్గాక, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మా తిరుగుడు. అప్పుడు కూడా పాత ఇంజన్ 'లో' గేరులో పాకేటప్పుడు ఎదురుగాలి తగలదు. రేడియేటరుకు దిక్కు ఫ్యాను ఒక్కటే. దాని నడుమనున్న క్లచ్ నీరసించిపోతే ఊళ్ళో తెలియదు, కొండ మీద తెలుస్తుంది. ముల్లు ఎరుపు వైపు కదిలితే ముందు ఏసీ కట్టేయండి. తర్వాత హీటరు పూర్తిగా తిప్పండి. అద్దాలు దించి, ముఖానికి వేడి కొట్టించుకుంటూ కూచోవాలి. ఇంజన్ వేడి మన మీదకి వచ్చినకొద్దీ దానికి తెరిపి. అప్పటికీ తగ్గకపోతే ఆపి, బానెట్టు ఎత్తి, చల్లారేదాకా ఆగాలి. రేడియేటరు మూత మాత్రం ముట్టుకోకండి. మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. మనిషికి రోజుకొక గ్యాలను చొప్పున తాగే నీళ్ళు, బండికి వేరేగా ఇంకో గ్యాలను.

కొనేవాళ్ళకు రెండు మాటలు. పొద్దున్నే వస్తానని, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని అమ్మేవాడితో చెప్పండి. చల్లటి ఇంజన్ నిజం చెబుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో పొగ, చప్పుడు, ఆయిల్ ముల్లు అన్నీ బయటపడతాయి. అతను ముందే వేడెక్కించి ఉంచితే ఇంటికి వచ్చేయండి. నా బండి జాతిలో 2000, 2001 మోడళ్ళు చూస్తుంటే సిలిండర్ హెడ్ మీద 0331 అనే అచ్చు అంకె ఉందేమో చూడండి. ఆ హెడ్లు నడిమధ్యలో పగులుతాయని పేరు. తర్వాత మట్టి నేల మీద చిన్న రాడ్డును 'లో' గేరులో వేసి రెండు మలుపులు తిప్పి చూడండి. చాలా బండ్లలో ఆ రాడ్డు ఏళ్ళ తరబడి కదిలించక బిగుసుకుపోయి ఉంటుంది. అలంకారానికుందా అని మా మావయ్య అడిగింది అందుకే.

ఒంటరిగా మాత్రం పోవద్దు. రెండు బండ్లుంటే ఒకటి దిగబడితే ఇంకోటి లాగుతుంది. అయితే లాగడంలోనే మనుషులు చచ్చిపోతారు. ట్రెయిలర్ తగిలించే గుండు ఉంటుంది చూశారూ, బంపరు వెనక, దానికి తాడు ఎన్నడూ కట్టకండి. అది బరువు లాగడానికి చేసిందే కానీ కుదుపు తట్టుకోవడానికి కాదు. విరిగిందంటే తుపాకీ గుండే, అద్దం చీల్చుకుని లోపలికొస్తుంది. ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికో, షాకిల్‌కో కట్టండి. తాడు బిగిసే సమయంలో పిల్లలు, పెద్దలు అందరూ తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి. ఫొటోలు తీసుకునేవాళ్ళు ముందుగా.

వరసలో పోయేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందు బండిని పట్టుకోవాలని ఎవరూ తొందరపడరు. ఎవరికి వాళ్ళు అద్దంలో తమ వెనక బండినే చూసుకుంటారు. అది కనపడకపోతే ఆగిపోతారు. వాళ్ళు ఆగడం చూసి వాళ్ళ ముందువాళ్ళు ఆగుతారు. ఫోన్ సిగ్నల్ లేని లోయలో పది బండ్లు ఒక్కటీ తప్పిపోకుండా ఇలాగే బయటికొస్తాయి. మీరు మొదటిసారి వస్తే మధ్యలో పెడతాం. కొత్తగా వచ్చినవాళ్ళను చివర పెట్టరు. చివరి బండి పాత చేయిదై ఉండాలి, పానాల సంచి అందులోనే ఉంటుంది.